సొమ్మసిల్లే ఈగలు

ఆవిడ అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. పరిశోధనశాల గేటు దగ్గర కాపలా మనిషి మొదలుకొని పై అంతస్తులో అద్దాల గదిలో కూర్చునే పెద్దల వరకూ అందరికీ ఆవిడ ఈగలత్తే. మొదట్లో ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే, వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూస్తుంది.

ఆవిడ పని ఈగల్ని పెంచడం. పెంచడమంటే నవ్వులాట కాదు. ఇవి మనం విసుక్కుంటూ తోలే ఈగలు కావు; మగ్గిన అరటిపండు మీద ముసురుకునే ఎర్ర కళ్ళ చిన్నారి ఈగలు, నువ్వుగింజంత ఉంటాయి. వాటి మీద పరిశోధన చేసి పెద్ద పెద్ద పట్టాలు పుచ్చుకునేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు. వాటికి వేళకు తిండి పెట్టి, పాత సీసాలోంచి కొత్త సీసాలోకి కాపురం మార్పించేది మాత్రం కింద ఈగలత్త. ఇంటి దగ్గర పండు మీద ఏ ఈగైనా వాలితే ఒంగి చూసి, "ఇది మా గదిది కాదు" అని తేల్చేస్తుంది. చుట్టుపక్కలవాళ్ళు ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటారు, ఆవిడ కూడా నవ్వుతుంది.

ఆ గదిలో అడుగుపెడితే ముందు వెచ్చదనం తగులుతుంది, తర్వాత వాసన. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు కలిపి ఉడికించిన జావ వాసన. కాస్త తీపి, కాస్త పులుపు. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. ఈగలత్తకు మాత్రం ఆ వాసన సోకితే చాలు, కళ్ళు అరమోడ్పులై మనసు ఎటో తేలిపోతుంది. గోడల పొడుగునా అరలు, అరల నిండా చూపుడువేలంత గాజు గొట్టాలు. గొట్టం మూతికి దూది బిరడా, అడుగున గడ్డకట్టిన జావ, ఆ పైన ఈగల సంసారం. తెల్ల కళ్ళవి ఒక వరస, రెక్కలు ముడుచుకుపోయినవి ఒక వరస, పసుపుపచ్చ ఒంటివి ఇంకో వరస. ఒక్కో వరసలో ఒక్కో జన్యువు చెడి ఉంటుంది. చెడినదాన్ని చెడినట్టే కాపాడడం ఆవిడ ఉద్యోగం. లోకంలో ఇలాంటి ఉద్యోగం ఇంకొకటి ఉంటుందా అని అప్పుడప్పుడూ ఆవిడకే ఆశ్చర్యం వేస్తుంది.

కిటికీ పక్క అరలో ఉండేవి సొమ్మసిల్లే ఈగలు. చూడ్డానికి అన్నిటిలాగే ఉంటాయి. కన్ను ఎర్రగానే ఉంటుంది, రెక్క తిన్నగానే ఉంటుంది. కానీ గొట్టాన్ని ఠక్కుమని బల్లకు తాకించామా, అన్నీ ఒక్కసారిగా వెల్లకిలా పడిపోతాయి. కాళ్ళు క్షణంపాటు గిలగిలా కొట్టుకుని ఆగిపోతాయి. చచ్చాయి కాబోలని మనం నోరు వెళ్ళబెట్టేలోగా ఒక్కొక్కటే కాలు కదిపి, మొహం తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు లేచి నడుస్తాయి.

పనిలో చేరిన కొత్తలో పెద్దమేడం దగ్గరుండి ఈ సంగతి చూపించింది. ఆ పరిశోధన అంతటికీ ఆవిడే పెద్ద. అప్పటికి ఆవిడ జుట్టు ఇంకా నల్లగానే ఉంది.

"ప్రతి కణంలోనూ చిన్న చిన్న పొయ్యిలుంటాయనుకో" అంది మేడం. "మైటోకాండ్రియా అంటాం. తిన్నదాన్ని శక్తిగా మార్చేవి అవే. ఆ పొయ్యిలో మొదటి పుల్ల వేసే ఎంజైమ్ ఒకటుంది. దాన్ని ఎలా తయారుచెయ్యాలో చెప్పే జన్యువు వీటిలో దెబ్బతింది. మామూలుగా తిరుగుతున్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తాయి. కుదుపు తగిలి నరాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడితే, అంత మంట ఆ పొయ్యిలు ఇవ్వలేవు. అంతే, పడిపోతాయి."

ఆ జన్యువుకు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా కూలిపోవడం అని అర్థం వచ్చేదేనట. ఈగలత్త అదేమీ వినిపించుకోలేదు. గొట్టంలో లేస్తున్న ఈగల్నే చూస్తూ, "పడేముందు వాటికి తెలుస్తుందామ్మా?" అని అడిగింది. అది తనకు తెలియదని మేడం ఒప్పుకుంది.

ఈగలత్త ఆ ప్రశ్న ఈగల గురించి అడగలేదు. ఇంటి దగ్గర ఆవిడకు ఒక చెల్లెలుంది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు మూర్ఛ. ఆడుకుంటూ ఆడుకుంటూ చెట్టులా నిశ్శబ్దంగా నిలబడిపోయి, మరుక్షణం నేల మీద ఉండేది. కళ్ళు తెరిచాక, "పెద్ద తెల్ల గదిలోకి వెళ్ళొచ్చానక్కా, అక్కడ ఎవరో ఒకదాని తర్వాత ఒకటి తలుపులు వేసుకుంటూ పోతున్నారు" అని చెప్పేది. అమ్మానాన్నలు పోతూ పోతూ "దాని చెయ్యి వదలకే" అన్నారు. వదల్లేదు. ఒకాయన పెళ్ళి చేసుకుంటానని వస్తే చెల్లెలు కూడా మనతోనే ఉంటుందని చెప్పింది. ఆయన టీ తాగేసి మర్యాదగా వెళ్ళిపోయాడు. దానికి ఈగలత్త పెద్దగా బాధపడలేదు. కప్పు కడగాల్సి వచ్చినందుకు మాత్రం విసుక్కుంది.

మిగతా ఈగల కాపురం మార్చడానికి ఒక పద్ధతుంది. గొట్టాన్ని రబ్బరు పలక మీద ఠక్ ఠక్ మని కొడితే ఈగలన్నీ అడుక్కి జారతాయి. అవి తేరుకునేలోగా బిరడా తీసి, కొత్త గొట్టంలోకి బోర్లించి మళ్ళీ ఠక్కుమనిపించాలి. చెయ్యి తిరిగినవాళ్ళకు రెప్పపాటు పని. సొమ్మసిల్లే ఈగల దగ్గర ఈ పద్ధతి కుదరదు. పడినవి పడినట్టే తడి జావలో అతుక్కుని చచ్చిపోతాయి. అందుకని ఈగలత్త తనే ఒక ఉపాయం కనిపెట్టింది. పాత గొట్టం మీద కొత్త గొట్టం బోర్లించి, కిందిదానికి నల్లగుడ్డ చుట్టి, కిటికీ వెలుతురులో పెడుతుంది. ఈగలకు పైకి ఎక్కడమంటే ఇష్టం, వెలుగంటే ఇంకా ఇష్టం. ఒకటి, ఆ వెనక ఇంకొకటి, గోడలు పాకుతూ మెల్లమెల్లగా పై గొట్టంలోకి చేరతాయి. అన్నీ చేరేసరికి చాలాసేపు పడుతుంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కూనిరాగం తీస్తూ చూస్తుంటుంది. ఎండ గాజులోంచి దూరి బల్ల మీద వణుకుతుంటుంది. ఆ వెలుగులో ఎక్కుతున్నవి ఈగలో, తన ఆలోచనలో కాసేపటికి తెలియదు. ఎప్పుడూ ఎవరూ పడిపోని ఊరొకటి ఆవిడ కళ్ళ ముందు కదిలేది. ఆ ఊళ్ళో చెల్లెలు మెట్లెక్కి ఎక్కడికో పోతూ ఉండేది. "అత్తా, నిద్రపోతున్నావా?" అని ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడి ఇటు తిరిగేది.

మేడం ఆ ఉపాయం చూసి మెచ్చుకుంది. "కానీ నెలకోసారి కొన్నిటిని పక్కకు తీసి కొట్టి చూడు. పడుతున్నాయో లేదో తెలియాలి కదా" అని చెప్పింది. మొదట్లో ఈగలత్త చూసేది. కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టి, లేచే వేళకు తెరిచేది. తర్వాత మేడం వేరే జన్యువు మీద పడింది. సొమ్మసిల్లే ఈగల ఊసెత్తేవాళ్ళు లేకపోయారు. అవి ఉండాలి, అంతే. అడిగేవాళ్ళు లేకపోయేసరికి ఈగలత్త కొట్టి చూడడం మానేసింది. హమ్మయ్య అనుకుంది కూడా. ఈమధ్య మరీ ఇట్టే పైకి ఎక్కేస్తున్నాయి. కూనిరాగం సగంలో ఉండగానే కింది గొట్టం ఖాళీ. నా చెయ్యి గుర్తుపట్టాయి కాబోలు అని ఆవిడ మురిసిపోయింది.

ఇంట్లోనూ అదే వరస. బల్ల అంచులకు పాత దుప్పటి ముక్కలు చుట్టి కుట్టేసింది. స్నానాలగది గడియ ఊడదీయించింది. నలభై దాటిన చెల్లెలు తన ఇంట్లో ఏనాడూ తలుపు బిగించుకోలేదు. పొయ్యి దగ్గరకు రానివ్వదు, కత్తి పట్టనివ్వదు. చెల్లెలు రెండు వీధుల అవతల బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. పొద్దున దిగబెట్టేది ఈగలత్త, సాయంత్రం తీసుకొచ్చేది ఈగలత్త. చెల్లెలు రోజూ మందు మింగుతుంది, మూర్ఛలు తగ్గాయి, ఆ తగ్గడం అంతా తన కాపలా వల్లేనని ఈగలత్త నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎవరూ వేలెత్తి ప్రశ్నించలేదు.

ఇలా సాగిపోతుండగా ఒక రోజు రాత్రి భోజనాలకు ముందు చెల్లెలు మాట కదిపింది. వేరే ఊరి నాటకశాలలో దుస్తుల గది చూసుకునే పెద్దావిడ ఒకామె ఏదో పని మీద వచ్చి, దుకాణంలో చెల్లెలి చేతి కుట్టు చూసిందట. మాతో వచ్చేయ్, రాజుల అంగీలు, దేవకన్యల పావడాలు కుడుదువుగాని, ఉండడానికి గది కూడా ఇస్తాం అందట. ఆ ఊరికి రైల్లో ఒక పగలంతా ప్రయాణం.

"ఆదివారం లోపు చెప్పాలక్కా."

"ఏం చెప్తావు?" ఈగలత్త కూర తరగడం ఆపలేదు.

"వస్తానని."

"బాగుంది. అక్కడ పడితే ఎవరు చూస్తారు? ఆ రాజులా, దేవకన్యలా?"

"అక్కా, నేను చిన్నపిల్లనా?"

"కాదు కాబట్టే చెప్తున్నా. నేను కంటికి రెప్పలా కాచుకుని ఉండబట్టి ఇన్నేళ్ళుగా పడకుండా ఉన్నావు. రెప్ప తీసేస్తే తెలుస్తుంది."

చెల్లెలు ఏదో అనబోయింది. మళ్ళీ ఏమనుకుందో, పళ్ళేలు సర్దడానికి వెళ్ళిపోయింది. పిల్ల మొండిది, నాలుగు రోజులు పోతే అదే దారికొస్తుందని ఈగలత్త తనకు తాను సర్దిచెప్పుకుంది.

మర్నాడు పరిశోధనశాలలో ఒక అమ్మాయి ఆవిడ కోసం కాచుకుని ఉంది. కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థిని. హుషారు మనిషి, నడవడానికి బదులు పరిగెడుతుంది. పాత జన్యువుని మళ్ళీ తవ్వి చూడాలని మేడంతో చెప్పి ఒప్పించిందట. మూర్ఛ ఎందుకొస్తుందో ఆ ఈగల్లో వెతుకుతుందట.

"అత్తా, ఒక గొట్టం ఇవ్వవూ? ఒక్కసారి కొట్టి చూసుకుంటాను."

ఈగలత్త ఇచ్చి, కిటికీవైపు తిరిగి నిలబడింది. ఠక్కుమని చప్పుడైంది. ఆవిడ మనసులోనే, ఇప్పుడు పడ్డాయి, ఇప్పుడు కాళ్ళు ఆగాయి, ఇప్పుడు మొదటిది కదులుతోంది అని లెక్కపెట్టుకుంది.

"అత్తా, పడలేదే."

"గట్టిగా కొట్టలేదేమో."

ఠక్. ఠక్. ఠక్కుమనే చప్పుడు గది నిండిపోయింది. ఈగలత్త ఇటు తిరిగి చూసింది. గొట్టం లోపల ఈగలన్నీ శుభ్రంగా గోడలు పట్టుకుని పైకి పాకుతున్నాయి. ఒక్కటీ తడబడలేదు. చూసిన ఆ క్షణంలో ఈగలత్తకు కలిగింది భయం కాదు, సంతోషం. పట్టరాని సంతోషం. "నయమైపోయిందే వీటికి!" అని చిన్నపిల్లలా చప్పట్లు చరిచింది. అమ్మాయి మొహం చూశాక చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

ఆ వరసలో ఉన్న గొట్టాలన్నీ కొట్టి చూశారు. ఏవీ పడలేదు. మేడంకి కబురు వెళ్ళింది. ఆవిడ వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, తనూ ఒకటి రెండు కొట్టి చూసి, స్టూలు మీద కూర్చుంది.

"ఆఖరిసారి ఎప్పుడు కొట్టి చూశావు?"

"గుర్తులేదమ్మా. చాలా ఏళ్ళయింది."

"ఎందుకు మానేశావు?"

"చూడలేక."

మేడం కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఎప్పుడో దూది వదులైనప్పుడు దారితప్పిన మగ ఈగ ఒకటి లోపలికి దూరి ఉంటుంది" అంది నెమ్మదిగా. "దానికి పుట్టిన పిల్లలు గట్టివి. గట్టివి ముందుకొస్తాయి, బలం లేనివి వెనకబడతాయి. తరం మీద తరం గడిచేసరికి చెడిన జన్యువు తుడిచిపెట్టుకుపోయింది. నెలనెలా కొట్టి ఉంటే ఆ నెలలోనే పట్టుకునేవాళ్ళం."

"అయితే ఎప్పట్నుంచి బాగున్నాయమ్మా ఇవి?"

"ఎవరికి తెలుసు? నువ్వు ప్రేమగా చూశావు. పరీక్షగా చూడలేదు." ఆ మాట అని మేడం లేచింది. "ఒకప్పుడు ఇంకో ప్రయోగశాలకు వీటిని కొన్ని పంపించాం. వాళ్ళ దగ్గర ఇంకా ఉన్నాయేమో అడుగుతాను. ఉంటే తెప్పిద్దాం. నువ్వే పెంచుదువుగాని. కానీ ఈసారి నీ చేత్తో కొట్టాలి, కళ్ళు తెరుచుకుని."

అందరూ వెళ్ళిపోయాక ఈగలత్త ఆ గొట్టాల ముందు కూర్చుండిపోయింది. నల్లగుడ్డ చుట్టి, వెలుతురు చూపించి, ఊపిరి బిగబట్టి ఇన్నాళ్ళూ తను కాపాడింది నిక్షేపంలాంటి ఈగల్ని. చెయ్యి గుర్తుపట్టి తొందరగా ఎక్కడం కాదు, ఒంట్లో సత్తువ ఉండి ఎక్కాయి. తను మురిసిన మురిపెం తలుచుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే ఇంకో ఆలోచన, ఎండలో దుమ్ము లేచినట్టు, మెల్లగా లేచింది. చెల్లెలి సంగతి మాత్రం తనకేం తెలుసు? ఎప్పుడు కొట్టి చూసింది గనక?

ఆ పూట సెలవు చెప్పి ముందే బయలుదేరింది. వీధిలో నడుస్తోందన్నమాటే గాని కాళ్ళ కింద నేల ఉన్నట్టే లేదు. కూడలి దాటడం గుర్తులేదు, మందుల దుకాణం ముందు నుంచి రావడం గుర్తులేదు. చూసేసరికి బట్టల దుకాణం అద్దం ముందు నిలబడి ఉంది. లోపల చెల్లెలు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఈగలత్త వద్దని ఒట్టు పెట్టించుకున్న మిషను! గుడ్డ నీళ్ళలా ఆమె చేతుల్లోంచి జారిపోతోంది. కాసేపటికి లేచి, ముక్కాలి పీట ఎక్కి, పై అరలో ఉన్న బట్టచుట్ట అందుకుంది. ఈగలత్త చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుని అద్దానికి తగిలింది. లోపలికి మాత్రం వెళ్ళలేదు. పీట దిగి, బట్ట దులిపి, పక్కామెతో ఏదో అని చెల్లెలు పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఈగలత్త ఇంట్లో ఎప్పుడూ వినలేదు. అద్దం అవతల ఉండడం వల్ల ఇప్పుడూ వినపడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఈగలత్త చెల్లెల్ని మంచం మీద ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఆశ అంటే ఏమిటో ఆవిడకు చాలా ఏళ్ళ తర్వాత గుర్తొచ్చింది.

"చిన్నీ, నిజం చెప్పు. నీకు తగ్గిపోయింది కదూ? పూర్తిగా తగ్గిపోయింది. నేనే చూసుకోలేదు. ఎప్పట్నుంచే?"

చెల్లెలు తల దించుకుంది. "తగ్గలేదక్కా."

"మరి పడడం లేదుగా!"

"పడ్డాను. పోయినేడు ఒకసారి దుకాణంలో, బట్టచుట్టల వెనక. ఇంకోసారి ఇక్కడే, నువ్వు కూరగాయలకు వెళ్ళినప్పుడు."

"నాకెందుకు చెప్పలేదే? నేను చచ్చాననుకున్నావా?" అని అరిచింది ఈగలత్త. "అప్పుడు నిన్నెవరు పట్టుకున్నారు?"

"ఎవరూ పట్టుకోలేదు. నేల పట్టుకుంది."

"దెబ్బ తగల్లేదూ?"

"మోచెయ్యి కాస్త గీరుకుపోయింది. అంతే." చెల్లెలు అక్క చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "చెప్తే నువ్వు బాధపడతావు. అయినా చెప్తాను. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను కళ్ళు తెరిస్తే ముందు కనపడేది నీ మొహం. ఏడుస్తూ, వణుకుతూ. నేనేదో ఘోరం చేసినట్టు. ఒళ్ళంతా నొప్పిగా ఉన్నా ముందు నిన్ను ఊరుకోబెట్టేదాన్ని. ఆ రెండుసార్లూ కళ్ళు తెరిస్తే పైకప్పు కనపడింది. ఉత్త పైకప్పు. ఎంత హాయిగా ఉందో తెలుసా అక్కా? కాసేపు అలాగే పడుకుని దాన్ని చూశాను. తర్వాత లేచి, మొహం కడుక్కుని, మిగిలిన బొత్తాలు కుట్టేశాను."

ఈగలత్తకు ముందు కోపం వచ్చింది. ఎవరి కోసం ఇదంతా చేశాను అని అడగాలనిపించింది. అడిగితే దానికి కూడా చెల్లెలే ఓదార్పు చెప్పాలని తట్టి నోరు మూసుకుంది. కిటికీలోంచి సంజ వెలుగు గది మధ్యకు వచ్చి పడింది. తన బతుకంతా ఎవరి చెయ్యి వదలకుండా పట్టుకున్నానో, ఆ చెయ్యి ఇంత బలంగా, ఇంత గరుగ్గా ఉందని, వేళ్ళ నిండా సూది పోట్ల మచ్చలున్నాయని ఈగలత్త అప్పుడే చూసింది.

"ఆ దుస్తుల గదిలో నేల ఎలాంటిదట?" అని అడిగింది చివరికి.

చెల్లెలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం విప్పారింది. "చెక్కది. పాత చెక్క. నడిస్తే కిర్రుమంటుందిట."

"చెక్కదైతే పరవాలేదు" అంది ఈగలత్త. "ఆదివారం దాకా ఆవిణ్ణి కాచుకోబెట్టడం దేనికి? ఇప్పుడే ఫోన్ చేసి చెప్పెయ్."

చెల్లెలు ఒక్క ఉదుటున లేచి, మెట్లు దిగి, వీధి చివరి ఫోను దగ్గరకు పరిగెత్తింది. పరిగెత్తొద్దని ఈగలత్త అనలేదు. చెల్లెలు తిరిగొచ్చేలోపల, ఆమె చూసి ఓదార్చాల్సిన అవసరం లేకుండా, గోడవైపు తిరిగి పడుకుని కడుపారా ఏడ్చేసింది.